రోగితో వచ్చే నలుగురు

మా అనంతపురంలో ఒక చిన్న కంటి ఆసుపత్రికి వెబ్‌సైటు నడిపేది నేనే. ఆ పని ఏ కాలేజీలోనూ చదువుకోలేదు; గ్రంథాలయంలో దొరికిన మార్కెటింగ్ పుస్తకాలన్నీ చదివి నేర్చుకున్నాను. అయినా ఏడాదిగా ఆ సైటు చూసి ఫోన్ చేసినవాళ్ళు లేరు. "ఈ నెల చూసి సైటు మూసేద్దాం" అన్నారు డాక్టరు గారు. ఆసుపత్రుల వెబ్‌సైట్ల మీద రాజమండ్రిలో సదస్సు ఉందని తెలిసి, ఆయన్ని బతిమాలి వెళ్ళాను.

పొద్దుటి ప్రసంగాల్లో చాలావరకు నేను చదివినవే. కాస్త గర్వంగానే భోజనానికి కూర్చున్నాను. నా పక్కన, భీమవరంలో ఒక ఆసుపత్రి ఫోన్లు చూసుకునే సత్యవతి గారు. ఆవిడకు మా సైటు చూపించాను.

"అన్నీ మిషన్లేనేంటండీ? కూడా వచ్చినోళ్ళు ఎక్కడ పడుకుంటారు? వేన్నీళ్ళుంటాయా?"

"ఇవన్నీ వెబ్‌సైటులో పెట్టాలాండీ?"

"భలేవారండీ! మా వైపు ఒకళ్ళకి కంటి ఆపరేషనంటే నలుగురు బయల్దేరతారు. ఫోన్లో మొదట అడిగేది అదేనండి. ముందు ఆ పూతరేకు తినండి, అలా చూస్తారేంటి!"

నేను చదివిన పుస్తకాల్లో రోగి ఎప్పుడూ ఒంటరిగానే వస్తాడు. మా ఊళ్ళోనూ నలుగురితో వస్తాడని అంత దూరం వెళ్తే గానీ నాకు తట్టలేదు.

తిరిగొచ్చి మా వరండా, వేన్నీళ్ళ గది, ఎదురుగా ఉన్న మెస్ ఫొటోలు పెట్టాను. మూడో రోజు ఫోన్ మోగింది.

"ఐదుమంది వస్తాం సార్. ఉడుకునీళ్ళు ఉండాయని ఫొటో చూసినాం. పడుకునేకి చోటుందా?"

ఫోన్ తీసుకెళ్ళి డాక్టరు గారి చేతికే ఇచ్చాను.