తీతువు గుడ్లకు నా కాపలా

ఒక పిట్ట సంసారం కూల్చాలంటే ఎంత శ్రద్ధ కావాలో మీకు తెలియదు. నాకు తెలుసు. అంత శ్రద్ధగానూ కూల్చబోయినవాణ్ణి కనుక చెబుతున్నాను. మీరు కూర్చుని వినండి. నాకు కూర్చోవడం చేతకాదు, నిలబడే చెబుతాను.

అప్పట్లో మాది చిలకలగూడ. ఉద్యోగం ఇంకా రాలేదు. కాలుగాలిన పిల్లిలా తిరగడమే నా ఉద్యోగం. "వీని కాళ్లకు చక్రాలున్నయ్" అనేది అమ్మ. ఆ చక్రాలు ఒకరోజు అల్వాల్ దాకా దొర్లి, అక్కడి చెరువును కాపాడే సంఘంలో పడ్డాయి. సంఘానికి పెద్ద కరుణమ్మ మిస్. గుంటూరు నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడ్డ సైన్సు టీచరు. ఆదివారం చర్చి కాగానే కొంగు నడుముకు దోపుకుని చెరువుగట్టు మీద ప్రత్యక్షమయ్యేవారు.

ఏడాదంతా పనే. వానాకాలం మొక్కలు నాటాలి. నేను నాటినవాటిని మర్నాడే పీకి, వేళ్లు వచ్చాయా లేదా అని చూసేవాణ్ణి. నిమజ్జనం అయ్యాక చెరువులోంచి కర్రలూ చువ్వలూ లాగాలి. ఆ పనిలో ఇద్దరు నన్ను లాగాల్సొచ్చింది. చలికాలం పిట్టల లెక్క. అసలు రోగం అక్కడ అంటుకుంది.

పిట్టలు చూసేవాళ్లకో ఆచారం ఉంది. ఒకరు "అదిగో!" అంటారు. మిగతావాళ్లు బైనాక్యులర్లు ఎత్తి "ఆఁ, చూశాం" అంటారు. నాకు ఆకులు తప్ప ఏమీ కనబడేవి కావు. కనబడలేదన్నామో, మళ్లీ పావుగంట కదలకుండా నిలబడాలి! అందుకని అందరికంటే ముందు నేనే "చూసిన మిస్, మస్తుంది!" అనేవాణ్ణి. ఆ చలికాలం నేను చూడని పిట్ట లేదు.

ఎండాకాలం వచ్చింది. చెరువు ఒడ్డున నడకదారి వేస్తాం, నేల చదును చేస్తాం అన్నాడు మున్సిపాలిటీ ఇంజనీరు. సరిగ్గా ఆ నేలమీదే తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. దానికి గూడూ గీడూ ఉండదు. రాళ్ల మధ్య, రాళ్లలాంటి గుడ్లు పెట్టి పొదుగుతుంది. గుడ్లు కళ్లతో చూస్తే తప్ప పని ఆపనన్నాడు ఇంజనీరు. ఈలోగా మిస్ పదో తరగతి పేపర్లు దిద్దడానికి ఊరు వెళ్లాలి. "వచ్చాక నేనే చూపిస్తానండీ" అని ఆయన్ను బతిమాలి గడువు తీసుకున్నారు. వెళ్లేముందు నన్ను గట్టుమీదికి పిలిచారు.

"నర్సింగూ, అదిగో, ఆ నల్లబండ పక్కన నాలుగు గుడ్లు. కనబడ్డాయా నాయనా?"

ఒడ్డునిండా నల్లబండలే.

"కనబడ్డయ్ మిస్! మస్తున్నయ్!"

"దగ్గరికి మాత్రం వెళ్లకు. కుక్కలు రాకుండా దూరం నుంచి చూసుకో. వాటి ప్రాణం నీ చేతుల్లో పెడుతున్నా."

పెట్టరాని చేతుల్లో పెట్టారు. మర్నాడు పొద్దున్నే ఒక నల్లబండ పక్కన నాలుగు గుండ్రటి గుడ్లు కనిపెట్టి, చుట్టూ సున్నంతో గీత గీశాను. దగ్గరికి వెళ్లొద్దన్నారు కదా, దూరంగా వెళ్లి మడతకుర్చీ వేసుకున్నాను. కాళ్లు చాపుకోవడానికి అక్కడా ఒక నల్లబండ దొరికింది. ఏం సుఖం!

కూర్చున్నానో లేదో తీతువు నా నెత్తిమీద అరుస్తూ తిరగడం మొదలుపెట్టింది. నాకు కళ్లు చెమర్చాయి. తల్లి మనసు!

"పరేషాన్ గాకమ్మా, నేనున్న గద!" అన్నాను. అది ఇంకా గట్టిగా అరిచింది. కృతజ్ఞత అనుకున్నాను.

నాకు తోడు యాదగిరి, ఏ.ఎస్. రావు నగర్ నుంచి వచ్చేవాడు. వాడికో అనుమానం.

"అరే, పిట్ట గుడ్ల మీద కూసుంటలేదేందిరా?"

"మనం జూస్తుంటె కూసుంటదా? సిగ్గుండదా దానికి?"

"గదీ నిజమే."

మిస్‌కు రోజూ ఫోను. "గుడ్లు సల్లగున్నయ్ మిస్!"

"చల్లగా ఉంటే ఎలాగరా? వెచ్చగా ఉండాలి!"

"గదే మిస్, మంచిగున్నయంటున్న!"

కంచె చేను మేసిందంటారు. మా కంచె ఏకంగా చేలో కుర్చీ వేసుకుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

మిస్ తిరిగొచ్చిన రోజే ఇంజనీరూ వచ్చాడు. నేను పెళ్లికొడుకులా ముందు నడిచి సున్నపు గీత చూపించాను. ఆయన వంగి ఒక గుడ్డు తీశాడు. "అయ్యో, ముట్టుకోకండి!" అని మిస్ అరిచేలోపే ఇంకోటి తీసి రెండూ కొట్టాడు. టక్కుమన్నాయి.

"ఏంది మేడం, గుడ్లు గట్టిగ ఉడికినట్టున్నయ్?"



"గీ రాళ్లకా మీరు కావలి గాసింది? ఇగ నేనాగ. రేపే పని షురూ." ఆయన చేతులు దులుపుకుని వెనక్కి తిరిగాడు.

మిస్ ముఖం చూడలేకపోయాను. ఎన్నడూ నన్ను పల్లెత్తు మాట అనని మనిషి, ఒక్కటే అడిగారు.

"నర్సింగూ, ఆ రోజు నువ్వు నిజంగా చూశావా?"

సిగ్గుతో చచ్చిపోయాను. "చూడలే మిస్. ఎన్నడూ ఒక్క పిట్టను సుత చూడలే."

"ప్రభువా! నేను చూపించిన బండ ఆ కుర్చీ ముందున్నది రా!" అని ఆవిడ నా కుర్చీ వైపు పరుగెత్తారు. అప్పటికే ఇంజనీరు అటే నడుస్తున్నాడు. తీతువు పైనుంచి రయ్యిన దిగి ఆయన టోపీ ఎగరగొట్టింది.

"కాలు కింద పెట్టకండి!" మిస్ కేక.

ఆయన ఒంటికాలి మీద ఆగిపోయాడు. నా కుర్చీ కాలికి జానెడు దూరంలో, నేను కాళ్లు చాపుకున్న బండ పక్కన, మచ్చల గుడ్లు నాలుగు. ఒకటి అప్పటికే చిట్లింది. లోపల్నుంచి ముక్కు పొడుస్తోంది.

అందరం వంగిపోయాం. నా జీవితంలో నేను నిజంగా చూసిన మొదటి పిట్ట అది, అదీ సగమే. ఏడుపొచ్చేసింది.

"అరెరె, బయటికొస్తున్నది!" ఇంజనీరు గొంతు మెత్తబడింది. "సరే మేడం, పిల్లలు నడిచి ఎల్లిపోయేదాంక ఒక్క తట్ట మట్టి లేపనియ్య." అంతలో ఆయనకు సందేహం వచ్చింది. "గని ఈయన గీడనే కూసుంటె పిట్ట ఎట్ల పొదిగింది?"

యాదగిరి పకపకా నవ్వాడు. "కూసుంటె గద సార్! పది నిమిషాలకోపారి చాయ్‌కని ఉరికేటోడు. ఒక్క చాయ్‌కి గంట!"

మిస్ నా వైపు తిరిగారు. కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు.

"నువ్వేగనక బాధ్యత గలవాడివైతే నాయనా, ఒక్క గుడ్డూ దక్కేది కాదు!"

ఆ చెరువుగట్టు మీదే, పుట్టీపుట్టని నాలుగు ప్రాణాల సాక్షిగా, చేతులు జోడించి శపథం చేశాను: ఈ జన్మలో నాకు ఎవరు ఏ పని అప్పజెప్పినా సరే, శ్రద్ధగా చేయను గాక చేయను.