బావకు రాసిన ముగింపులు

కర్నూలు రాజధాని అయిన రోజుల్లో నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. నవల రాయడం సులువు, దిద్దడమే చావు అని అప్పుడే తెలిసింది. మొదటి ప్రతిని ఒక ఎండాకాలంలో రాసేశాను. దిద్దడానికి కూర్చున్నాక ఏళ్లు గడిచినా చివరి ప్రకరణం లొంగలేదు.

కథ మా అక్కది. ఎవరూ పోల్చుకోకూడదని నవలలో ఊరు మార్చాను, వృత్తి మార్చాను. నిజానికి అక్కను ఎమ్మిగనూరులో నేతవాళ్లింటికి ఇచ్చాం. బావ షోలాపూరు మిల్లులో పనికని వెళ్లాడు. కొన్నాళ్లు ఉత్తరాలు వచ్చాయి, తర్వాత అవీ ఆగిపోయాయి. వెతకబోయిన వాళ్లతో మిల్లువాళ్లు అలాంటి మనిషి ఇక్కడ లేడన్నారు. నవలలోనూ ఒకామె అలాగే మొగుడి కోసం ఎదురుచూస్తుంది. మద్రాసు పత్రిక సంపాదకుడు చదివి, అంతా బాగుంది, ఆ భర్త ఉన్నాడో పోయాడో తేల్చండి, లేకపోతే వేసుకోలేం అన్నాడు. ఆయనదేం పోయింది, కూర్చున్న చోటు నుంచి చెప్పేశాడు.

ఆదివారాలు ప్రతిని సంచిలో పెట్టుకుని ఎమ్మిగనూరు బస్సెక్కేవాణ్ణి. అక్కకు చదువు రాదు. రాట్నం మీద కండెలు చుడుతూ వినేది. నేను గడపలో చెప్పులు విడవకముందే, పక్కింటి మనిషిని గురించి అడిగినట్టు అడిగేది.

"ఈ తూరి వచ్చినాడా ఆయప్ప?"

ఒకసారి వచ్చినట్టు రాసి వినిపించాను.

"వచ్చినాడు సరే. ఇన్నేండ్లు యాడుండెనో ఆయమ్మ అడగదా? అడక్కుండానే కాళ్లకు నీళ్లిచ్చిందా?" అంది.

ఆ పేజీలు కొట్టేశాను. తర్వాత అతణ్ణి చంపాను. కానీ అక్క ముందు ఆ పేజీ చదవలేక, దగ్గు తెచ్చుకుని దాటేశాను. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు.

దానికి ఇంకో కారణం ఉంది. పన్నెండేళ్లు జాడ తెలియని మనిషిని పోయినట్టే లెక్కగట్టి, దర్భలతో బొమ్మ చేసి కర్మ చేస్తారు. ఆ రోజు భార్యకు బొట్టూ గాజులూ తీస్తారు. పుట్టింటి చీర పెడితేగాని ఆ తంతు ముగియదు. మా నాన్న లేడు కాబట్టి ఆ చీర తేవాల్సింది నేనే. బావ ఉత్తరాలు ఆగి ఆ ఉగాదికి పన్నెండేళ్లు నిండుతాయి. అక్క అత్తింటి పెద్దలు అప్పటికే కబురంపారు. చీర సంగతి తేల్చుకోవడానికి ఒక ఆదివారం వస్తామన్నారు.

ఆ ఆదివారం కూడా ప్రతితోనే వెళ్లాను. నూలుకు పట్టించే గంజి కొంచెం అడిగి తీసుకుని, కొత్తగా రాసిన ముక్కలను పాత పేజీల మీద అతికిస్తూ మూడో ముగింపు వినిపించాను. అందులో భర్త రాడు, చచ్చినట్టూ తెలియదు. ఆమె బొట్టు ఆమెకు ఉంటుంది. అక్క చివరిదాకా విన్నది.

"బాగుందప్పా. కాగితంలో ఆయప్పను సంపకుండా నిలబెట్టినావు. ఇంగ పెద్దోళ్లు వస్తాండారు. వాళ్ల ముందర నోరు లేస్తాదా నీకు?"

ఇన్ని వారాలు ఆమె నా నవల వింటోందనుకున్నాను. వెర్రివాణ్ణి.

పెద్దలిద్దరూ వచ్చి అరుగు మీద కూర్చున్నారు. వయసులో పెద్దాయన నేరుగా విషయానికి వచ్చాడు.

"సీర ఎప్పుడు తెస్తావప్పా?"

"తేను," అన్నాను.

"అట్లంటే ఎట్లప్పా? వాడు నిజంగా పోయింటే? వానికి పిండం పెట్టేదెవరు, నీళ్లిడిసేదెవరు?"

"నేను తేను," అన్నాను మళ్లీ.

వాళ్లు మజ్జిగ కూడా తాగకుండా లేచిపోయారు. అక్క లోపలికి పిలిచి జొన్నరొట్టె పెట్టింది. వద్దన్నా ఇంకొకటి వేసింది. ఆమె ముఖం చూస్తే నాకు ఏడుపొచ్చింది, అంత తేటగా ఉంది.

బస్సు ఆదోని దారి పట్టాక భయం మొదలైంది. సంపాదకుడు ఏమంటాడోనని కాదు. బావ నిజంగానే పోయి ఉంటే, పిండం లేక, నీళ్లు లేక ఎక్కడో ఆకలితో తిరుగుతుంటాడు. ఆయన్ను అలా తిప్పుతున్నది ఇక నేనే.