తూటా లోపల చేసిన పని

మా ఆయన నాగసుబ్బయ్య పరమపదించాడన్న వార్త నాకు జోర్డాన్ ఎడారిలో, గుడారాల ముందు నీళ్ల వరుసలో నిలబడి ఉండగా తెలిసింది. చెప్పినవాడు రాయచోటి మస్తాన్, కువైట్‌లో మా పక్కింటి డ్రైవరు, మా ఆయనకు తమ్ముడి లాంటివాడు. చేతిలోని డబ్బా పడిపోయి, నీళ్లన్నీ ఇసుకలో ఇంకిపోయాయి. చదువు లేనిదాన్ని. ఆయన ఎట్లాంటి మనిషో నలుగురికీ తెలియాలని నాకు వచ్చినట్టు చెబుతున్నాను.

కువైట్‌లోని జాబ్రియాలో మేమిద్దరం ఒకే ఇంట్లో పనిచేశాం. నేను మామాకు, అంటే ఇంటి యజమానురాలికి, వంట చేసేదాన్ని. ఇంటి యజమానిని బాబా అనేవాళ్లం. ఆయనకు వేట పిచ్చి. ఏటా ఆఫ్రికా పోతూ, తోలు ఒలవడానికి మా ఆయనను వెంట తీసుకుపోయేవాడు. తుపాకి పేల్చేది బాబా, ఆయన స్నేహితులు. తూటా లోపల ఏం చేసిందో కత్తి పట్టి చూసేది ఈయన.

ఒకసారి అడవిదున్నను కొట్టారు. బాబా తూటా తేలిక, మహా వేగం, మెత్తటి మొన. భుజం ఎముకకు తగిలి పైపైనే తునకలైంది. దున్న తిరగబడింది. ఆయన స్నేహితుడు ఒకడు గట్టి మొన ఉన్న బరువు తూటా కొడితే ఎముక విరిగి కూలింది. భోజనాల దగ్గర ఎవరి తూటా గొప్పదని ఇద్దరికీ వాదం. మా ఆయన ఆ తునకలు పళ్లెంలో తెచ్చి ముందర పెట్టాడు.

"మీ తూటా బయటే ఖలాస్ బాబా. లోపలికి పోనే లేదు."

"నువ్వు నా మనిషివా, వాడి మనిషివా?"

"దున్న మనిషిని బాబా. దాని నొప్పి చూసేది నేనే కదా."

మరుసటి ఏడు బాబా కూడా గట్టి తూటాలే కొన్నాడు. ఒక పెద్ద జింకను కొడితే చుక్క నెత్తురు రాలలేదు, అది పరుగెత్తిపోయింది. తగల్లేదన్నారు అందరూ. మా ఆయన జాడ పట్టి పోతే పొద కింద చచ్చి ఉంది. తోలు మీద శనగగింజంత చిల్లు, కడుపు నిండా నెత్తురు. "పైన చూసి ఏమీ చెప్పలేమే" అని ఆ కథ నాకు ఎన్నిసార్లు చెప్పాడో! చేపలు కడుగుతూ ఊకొట్టేదాన్ని.

కువైట్ మీద ఇరాక్ సైన్యం వచ్చిపడినప్పుడు బాబా కుటుంబం సెలవులకు వేరే దేశంలో ఉంది. ఇల్లు మా ఇద్దరి మీద పడింది. ఒక ఉదయం మా ఆయన నిలబడ్డ రొట్టెల వరుస మీద సైనికులు కాల్చారు. మా ఆయన నడిచే ఇంటికి వచ్చాడు. బొడ్డు పక్కన సన్న చిల్లు, నడుము వెనక సన్న చిల్లు.

"ఆస్పత్రికి పోదాం పదయ్యా!"

"ఆడ సైన్యం కూర్చోనుండాది. తూటా దెబ్బంటే నన్ను ఇడుస్తారా? ఇట్ల దూరి అట్ల పాయ లేమే. గుడ్డ కట్టు."

"నొప్పి లేదా?"

"నీ సంగటి తిన్నా ఇంతే నొస్తాది."

నవ్వాను, పాపిష్టిదాన్ని. జింక మాట నాకు తట్టలేదు. నమ్మాలని ఉంది, నమ్మాను.

మరునాడు పొద్దున జోర్డాన్ పోయే బస్సు. ఇంటి తాళాలు బాబా తమ్ముడికిచ్చి ఎల్లుండి బస్సుకు వస్తానన్నాడు. నేను మొండికేస్తే, "మస్తాన్ ఉండాడు కదా నాకు! యల్లా, ఎక్కు!" అని కసిరాడు. నా మూట తానే ఎత్తి బస్సు పైకి అందించాడు. అది చూశాక ఇంకేం అనుమానం?

"నువ్వు బస్సెక్కిన సాయంత్రమే పోయినాడు వదినా" అన్నాడు మస్తాన్, నీళ్ల వరుసలో ఏడుస్తూ. "ఆయప్పకు తెలుసు. 'దావలో నేను పోతే దాన్ని శవంతో ఎడారిలో దించేస్తార్రా. అది బస్సెక్కేదాకా నిలబడితే చాలు' అన్యాడు. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకున్యాడు."

అంతటి గాయాన్ని గుడ్డ కింద దాచి నన్ను ప్రాణాలతో దాటించిన పుణ్యాత్ముడికి సాష్టాంగ నమస్కారం తప్ప నేనేం ఇవ్వగలను? ఆయనను ఏ మట్టిలో పెట్టారో కూడా చూడలేదు. అంతవరకూ గుడారంలో నా పక్కన ఆయనకని దుప్పటి పరిచి, ఒక పసిబిడ్డల తల్లి అడిగినా "మా ఆయన వస్తాడు" అని పోట్లాడి ఆ చోటు ఇవ్వలేదు. మస్తాన్ వచ్చిన రోజు ఆమెను పిలిచి, బిడ్డలను అక్కడ పడుకోబెట్టుకోమన్నాను.