పాత ఎయిర్‌పోర్టు గేటు దగ్గర

రాజమండ్రి నుంచి వచ్చి శంషాబాద్‌లో దిగి, ఊళ్లోకి బస్సెక్కాను. పక్కన పాల్మాకుల అనే పల్లె ఆవిడ కూర్చుంది. బేగంపేట పాత ఎయిర్‌పోర్టుకు పోతున్నానంది.

"అక్కడిప్పుడు మామూలు విమానాలు లేవండీ. అంతా మిలటరీ వాళ్లే," అన్నాను.

"ఎరుకనే అన్నా. మా బిడ్డ గాడనే ఉంది."

మా వైపు బిడ్డంటే చంటిపిల్ల. నేను తెల్లబోయాను.

ఆమె నవ్వింది. "బిడ్డంటే కూతురన్నా. గాడ ఆఫీసర్. పదో తరగతి అయినంక పెండ్లి చేసెయ్యమన్నరు మావోళ్లు. నేను ఇన్లే. ఇయ్యాల నన్ను లోపలికి తీస్కపోతనన్నది."

బేగంపేటలో ఆమె సంచి పట్టుకుని నేనూ దిగాను. అమ్మను తీసుకెళ్లడానికి యూనిఫాంలో ఆ అమ్మాయి గేటు బయటికి వచ్చింది. కాపలా జవాను నిటారుగా నిలబడి ఆమెకు సెల్యూట్ కొట్టాడు.

తల్లి నా వైపు తిరిగింది.

"చూసినవా అన్నా," అంది.