మడమ కింద పెడలు

మొన్న కాశీబుగ్గలో టైరు మార్పిస్తూ బెంచీ మీద కూర్చున్నాను. పక్కనున్న లారీ కింద పాత గేరు ఆయిలు రేకు తట్టలోకి కారుతోంది. గంధకం కలిసినట్టుండే ఆ మాడు వాసన ముక్కుకు తగిలేసరికి మనసు యాభై ఏళ్లు వెనక్కి పోయింది. అది సన్నాసి మావ వాసన. ఎంత సబ్బు రుద్దినా వదిలేది కాదు. పెళ్లిళ్లలో పంక్తిలో ఆయన పక్కన నేను తప్ప ఎవరూ కూర్చునేవారు కాదు.

మావ పలాసలో మెకానిక్కు. మిలటరీలో బళ్లు తోలి వచ్చి, రైలుగేటు దగ్గర తాటాకు పాక వేసుకున్నాడు. నాకు చుట్టమేమీ కాదు. వరస కలిపి అల్లుడూ అనేవాడు. అరవైల చివర్లో మా ఉద్దానం తోటల నుంచి కొబ్బరికాయలు పలాసకు చేర్చడానికి వేలంలో ఒక పాత జీపు కొన్నాను. ముందు చక్రాలను తిప్పే గేరు అప్పటికే పాడైపోయింది, వెనక చక్రాలే దిక్కు. తోటల దారి ఇసుకలో వాటిలో ఒకటి గిర్రున తిరిగేది, రెండోది పెళ్లికొచ్చిన పెద్దమనిషిలా కదలక కూర్చునేది.

"డిఫరెన్షియల్ గుణమే అంత, అల్లుడూ," అన్నాడు మావ, వెనక చక్రాల నడుమ ఉండే గేర్ల డబ్బాను తట్టి. "ఏ చక్రానికి పని తేలికో బలమంతా దానికే ఎల్తాది. మలుపులో మాత్రం అది ఉండాల. బయటి చక్రం ఎక్కువ దూరం పోవాల కదేటి?"

ఆ రోజుల్లో కొందరు డిఫరెన్షియల్ లోపలి పళ్లకు వెల్డింగు పెట్టించేసేవారు. అప్పుడిక రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరుగుతాయి. నాకూ ఆ పిచ్చి పట్టింది. మావ ససేమిరా అన్నాడు. "ఎప్పుడూ బిగిసుండేది ఇసకలో రాజు, తార్రోడ్డు మలుపులో యముడు. ఇరుసు ఇరిగిపోతాది. ట్రాక్టరుకి సూడు, రెండు చక్రాల్నీ కలిపి బిగించే పెడలుంటాది. కావాలంటే తొక్కుతాం, అక్కర్లేకపోతే ఒదిలేత్తాం. నీ బండికి అలాటిది దొరికితే సెప్తాను. అందాకా టైర్లో గాలి తగ్గించు, చక్రాల కింద కొబ్బరి మట్టలెయ్యి."

మట్టలు మోసి మోసి విసుగెత్తిన నాకు ఆ మాట రుచించలేదు. మావకి చెప్పకుండా టెక్కలిలో ఒక వెల్డింగు కొట్టుకు పోయి పని కానిచ్చేశాను. నిజం చెప్పొద్దూ, నెల రోజులు ఇసుక మీద మహారాజులా తిరిగాను. తార్రోడ్డు మలుపుల్లో టైర్లు కీచుమంటుంటే విననట్టు నటించాను. పలాస వెళ్లినా మావ పాక తప్పించి చుట్టుదారిన పోయేవాణ్ని.

ఇంతలో మా ఆవిడ పార్వతికి తొలి కాన్పు వచ్చింది. బిడ్డ అడ్డం తిరిగింది, వెంటనే పలాస ఆస్పత్రికి తీసుకుపొమ్మంది మంత్రసాని. పార్వతినీ మా అమ్మనూ జీపెక్కించుకుని ఇసుకంతా ఆగకుండా దాటేశాను. తోటల దారి తార్రోడ్డును కలిసే మలుపులో టప్పుమంది. ఇరుసు విరిగి చక్రం బయటికొచ్చేసింది. బండి ఒక పక్కకి కూలబడింది.

"ఏటి సేసినావురా?" అంది అమ్మ. పార్వతి నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. అంత భయం మళ్లీ ఎప్పుడూ పడలేదు. సైకిలు మీద పలాస వైపు పోతున్న ఒకాయనతో మావకు కబురంపాను.

గంట తిరక్కుండా ఎవరిదో ట్రాక్టరు అడిగి, తొట్టిలో గడ్డి పరుచుకుని వచ్చాడు మావ. జీపు కిందకి ఒక్కసారి వంగి చూశాడు. సంగతంతా తెలిసిపోయింది. నేను తల దించుకున్నాను.

"తప్పు తరవాత సూద్దాం. ముందు అమ్మిని ఎక్కించు," అన్నాడు.

దగ్గర దారని నీళ్లు తగ్గిన గెడ్డలోకి దించాడు. నేను మడ్గార్డు మీద కూర్చుని ఆయన కుడికాలే చూస్తున్నాను. తడి ఇసుకలో చక్రం జారబోతుందనగా మడమతో పెడలు తొక్కేవాడు. రెండు చక్రాలూ కలిసి లాగేవి. గట్టెక్కగానే, మలుపు రాకముందే మడమ ఎత్తేసేవాడు.

"తొక్కి ఉంచీరాదా మావా, ఇంకా బేగి ఎల్తాం," అన్నాను ఆత్రంగా.

"తొక్కడం అందరికీ వత్తాది అల్లుడూ. ఎత్తడం నేర్సుకో," అన్నాడు దారి మీద నుంచి చూపు తిప్పకుండా.

ఆ సాయంత్రం మాకు కూతురు పుట్టింది. తల్లీ పిల్లా దక్కారు. వారం పోయాక మావ జీపు విప్పి, విరిగిన ఇరుసు మార్చి, వెల్డింగు పళ్లు పీకి, వాడినవే అయినా మంచివి వెతికి వేశాడు. ఆ రోజు మింగిన తిట్లన్నీ ఆ పని సాగిన మూడు రోజుల్లో కక్కేశాడు. చివరికి వెల్డింగుతో అతుక్కుపోయిన ఆ పళ్ల ఇనప ముద్ద నా చేతిలో పెట్టి, "పిల్లకి ఆడుకోడానికియ్యి," అని పకపకా నవ్వాడు. నాకు మాత్రం ఏడుపొచ్చింది.

మావ పోయి చాలా ఏళ్లయింది. ఆ ముద్ద ఇప్పటికీ మా వీధి తలుపు గాలికి కొట్టుకోకుండా అడ్డం ఉంటుంది. ఆ తలుపు దగ్గరే ఎనభైల్లో ఒకరోజు, పద్దెనిమిదేళ్ల నా కూతురు విశాఖలో నర్సింగు చదువుతానని నిలబడింది. ఒక్కగానొక్క పిల్ల. అక్కర్లేదన్నాను. మళ్లీ అడిగింది. మళ్లీ అక్కర్లేదన్నాను. లోపల్నుంచి పార్వతి తొంగి చూసింది. అప్పుడు గమనించుకున్నాను, నా కుడి మడమ నేలను ఎంత గట్టిగా నొక్కుతోందో. మెల్లగా ఎత్తాను.

"ఎప్పుడెల్తావమ్మా?" అన్నాను.