మార్చి నెల బొమ్మ

పలాసలో జీడిపప్పు ఫ్యాక్టరీ గుమాస్తాగా రిటైరైన ఏడు, జపాన్ నుంచి వచ్చిన పాత క్యాలెండరు ఒకటి యజమాని నాకిచ్చారు. నెలకొక బొమ్మ. అన్నీ అక్కడి నాటకాల నటులవే, రెండు వందల ఏళ్ల నాటివి. ఒక్కో రంగుకూ ఒక్కో చెక్క చెక్కి, ఒకే కాగితం మీద వరసగా అద్దేవారట. వెంట్రుకవాసి కూడా గీత తప్పలేదు. డైరీలో బొమ్మకొక పేజీ కేటాయించుకున్నాను. మార్చి పేజీలో, ‘తెల్లని స్త్రీ. దిగులుగా ఉంది’ అని రాశాను.

ఆ వారమే బారువ దగ్గరి పల్లె నుంచి మా బావ వచ్చాడు. పగలు సముద్రం మీద వేట. ముప్పై ఏళ్లుగా అమ్మవారి పండగ నాటకంలో రాణి వేషం. ఈసారి కుర్రాళ్లు, “ముసలి రాణి మాకెందుకు? వీసీడీ తెచ్చి సినిమా ఏత్తాం” అన్నారట. సవరం, నగలు పెట్టెతో సహా సముద్రంలో పడేస్తానని చెబుతూ, గోడ మీది మార్చి బొమ్మ చూసి ఆగిపోయాడు.

“ఎవుడు బావా ఈడు?”

“ఈడేటి? ఆడమనిషి కదా.”

“నీ మొకం! మొగోడే. నుదుటి మీద ఆ ఊదా గుడ్డ సూడు. గొరిగిన నెత్తి అవుపించకుండా కప్పీసినాడు. సెయ్యి మోటుదని అంగీలో దాసీసినాడు. నేను కొంగులో దాసీవోణ్ని కాదేటి?”

నేను రోజూ చూసినా కనపడనిది అతనికి ఒక్క చూపులో కనపడింది. క్యాలెండరు దించి కిటికీ దగ్గర పెట్టాను. ఇద్దరం వంగి చూశాం. జారిన దవడ, నోటి పక్క ముడత. సన్నటి గీత రెండుసార్లు వంపు తిరిగింది, అంతే. ఆ గీతలోనే మగవాడూ ఉన్నాడు, రాణీ ఉంది.

“ఈడికెన్నేళ్లుంతాయి బావా?” గొంతు తగ్గించి అడిగాడు.

“మన వయసే.”

“ముసిలోడని తెలిసే సెక్కినారన్నమాట.”

నేను డైరీలో పాత వాక్యం కొట్టేశాను.

“మరి పెట్టె?” అన్నాను.

“ఈడికి లేని సిగ్గు నాకేటి? కుర్రోళ్లకి నేను సెప్పుకుంతాను. సినిమా ముందు ఏసుకోమను, తరవాత తెర నాకొగ్గీమను.” గడ్డం తడుముకున్నాడు. “నున్నగా గీసీవోడు టెక్కల్లో ఉండీవోడు. ఇంకా ఉన్నాడేటి?”