గంజితో పూసిన చెదమట్టి

పదేళ్ళు దాటింది, నేనీ బరువు మోయడం మొదలుపెట్టి. కూరలు తరుగుతున్నప్పుడూ, బట్టలు మడతపెడుతున్నప్పుడూ, పక్కింటావిడతో నవ్వుతూ మాట్లాడుతున్నప్పుడూ అది నాతోనే ఉంటుంది. మావారికి తెలియదు. మా అమ్మానాన్నలకి తెలియదు. తెలియాల్సిన మనిషి తెలుసుకోకుండానే వెళ్ళిపోయింది. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను. ముఖం చూసి చెప్పే ధైర్యం నాకు ఏనాడూ లేదు.

విన్నాక ఇంతేనా అనుకుంటారేమో. వంటింటి అలమర తలుపుల గొడవ ఇది. నవ్వొస్తే నవ్వండి. నేను కూడా నవ్వేసి దులిపేసుకుందామని చాలాసార్లు చూశాను. కుదరలేదు.

ఎనభైల్లో బాపట్ల నుంచి తెనాలికి కాపురానికొచ్చాను. మావారు కాలేజీలో లెక్చరరు. ఇంట్లో ఆయన, నేను, మా అత్తగారు. ఆవిడ వంటింట్లో గోడ నిండా అలమరలు ఉండేవి. వాటికి టేకు తలుపులు. కట్టెలపొయ్యి రోజుల నుంచీ ఉన్నవి కావటంతో పొగచూరి నల్లగా ఉండేవి. ఒక్కో తలుపూ తెరవాలంటే రెండు చేతులూ కావాలి, అంత బరువు.

ఆ చెక్కకి ఒక కథ ఉంది. చేబ్రోలులో మా అత్తగారి పుట్టిల్లు పడగొట్టినప్పుడు అన్నదమ్ములు నీకేం కావాలో అడగమన్నారట. ఈవిడ ఒక దూలం అడిగింది. ఆ టేకు దూలాన్ని బండి మీద తెనాలి తెప్పించి, కోత మిల్లులో దగ్గరుండి కోయించి, ఈ తలుపులు చేయించుకుంది. దూలానికున్న పాత మేకుల గుంటలు తలుపుల లోపలి వైపు అలాగే ఉండేవి. ఏ గుంట ఎక్కడుందో ఆవిడకి తెలుసు. ఏటా ఆవకాయల ముందు అలమరలన్నీ ఖాళీ చేయించి, తలుపుల లోపలా చట్రాలకీ జీడినూనె పూసేది. జీడిపిక్కల తొక్కల నుంచి తీసే ఆ నల్లటి నూనె పట్టించిన చెక్క జోలికి చెద రాదు. కాకపోతే చేతికి తగిలితే చర్మం పొక్కి ఊడిపోతుంది. గుడ్డ చుట్టుకున్నా ప్రతి వేసవిలో ఆవిడ వేళ్ళు పొరలు పొరలుగా ఊడేవి. నేను రాస్తానండీ అంటే, కొత్త కోడలివి, చేతులు పాడుచేసుకోకు అనేది.

చూశారా, ఆవిడ చెడ్డదైతే నాకు ఎంత సుఖంగా ఉండేదో.

మా పక్కవీధిలో ఒకావిడ కొత్తగా వంటింటికి ప్లైవుడ్ అలమరలు పెట్టించుకుంది. తెల్ల మైకా, స్టీలు పిడులు. వేలితో లాగితే చాలు, తలుపు వచ్చేస్తుంది. చూసి ఇంటికొచ్చాక మా వంటిల్లు నాకు గుహలా కనపడింది. సాయంత్రానికల్లా మావారి చెవి కొరకడం మొదలుపెట్టాను. పాపం, ఆయన వడ్రంగిని పిలిపించారు. అతను తలుపులన్నీ తెరిచీ మూసీ చూసి రెండు దారులు చెప్పాడు. గరుకు కాగితంతో పొగమసి అంతా రుద్దేసి, మడతబందులు మార్చి, పాలిషు కొడితే కొత్తవాటిలా ఉంటాయి, ఖర్చు కొంచెమే. తీసేసి కొత్తవి పెట్టాలంటే దానికి ఐదారింతలు అవుతుంది. ఎటూ తేల్చకుండా, మీ ఇష్టమండి అని టీ తాగి వెళ్ళిపోయాడు.

మావారికి అంతకంటే ఆలోచించేదేముంది? పాలిషు కొట్టిద్దామన్నారు. మా అత్తగారు మురిసిపోయింది. నేను మూతి ముడుచుకున్నాను. పాలిషు కొట్టినా అవి ఆవిడ తలుపులే కదా.

ఇన్నేళ్ళూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను, నాకు నిజంగా కావలసింది ఏంటని. మైకానా? మైకా మీద అంత మోజేమీ లేదు నాకు. ఇంగువ డబ్బా ఏ అరలో ఉండాలో, పోపుల పెట్టె ఎటు తిరిగి ఉండాలో, అన్నీ నేను రాకముందే తేలిపోయిన వంటింట్లో నేను చుట్టపుచూపుగా వచ్చినదానిలా తిరుగుతున్నాననిపించేది. ఒక్కటైనా నా తర్వాత వచ్చిన వస్తువు కావాలి. ఆ మాట నోరు తెరిచి అడిగితే ఆవిడ ఒక అలమర ఖాళీ చేసి ఇచ్చేదే. ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం అడగడం నామోషీ అనిపించింది. దొంగపనికి లేని నామోషీ అడగడానికి వచ్చింది.

ఆ రోజుల్లోనే రేపల్లెలో మా ఆడపడుచుకి పురుడొచ్చింది. తన అత్తగారికి ఒంట్లో బాగాలేదని, పురుడు అక్కడే పోసుకుంటామని కబురొస్తే మా అత్తగారు రైలెక్కి వెళ్ళింది. వడ్రంగిని తను తిరిగొచ్చాక రమ్మని చెప్పి మరీ వెళ్ళింది, దగ్గరుండి రుద్దించుకోవాలని.

మా పెరటి దడికి ఒక పాత తాటిగుంజ ఉండేది. దాని నిండా చెదలు. ఒక మధ్యాహ్నం, మావారు కాలేజీలో ఉండగా, అట్లకాడతో ఆ గుంజ మీది చెదమట్టి చిప్పలోకి గీకాను. కొంచెం గంజి పోసి కలిపాను. గంజైతే ఆరాక రాలదు. ఆ ఉపాయం ఎవరూ నేర్పలేదు, నాకే తట్టింది, తట్టినందుకు ఆ నిమిషాన గర్వపడ్డాను కూడా. కింది అలమర తలుపుల లోపల, గోడ వారగా, వేలితో సన్నగా చారలు దిద్దాను. పాత మేకుల గుంటల్లో కూడా మట్టి కూరాను, పురుగు తొలిచినట్టు కనపడాలని. సింకు పక్కనున్న తలుపు అడుగు అంచు నీళ్ళు చిమ్మీ చిమ్మీ ఎప్పుడో మెత్తబడి ఉంది. అది నాకు కలిసొచ్చింది. చేతులు కడుక్కుని, కాఫీ కలుపుకుని, పీట మీద కూర్చుని చూశాను. అచ్చం చెదే.

మావారికి చూపించి ఉండొచ్చు. చూపించలేదు. ఆవిడే కనిపెట్టాలి, అప్పుడు నా మీదికి రాదు. అంతదాకా ఆలోచించాను చూడండి.

ఆవిడ రేపల్లె నుంచి వచ్చిన మర్నాడే, పాలిషుకి వీలుగా ఉంటుందని అలమరలు ఖాళీ చేయబోయింది. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. పిలిచింది.

"అమ్మాయ్, ఇలా రా ఒకసారి. ఏంటిది?"

"చెదలాగుందండి అత్తయ్యగారూ."

"జీడినూనె రాసిన చెక్కకి చెదేంటి? పోయినేడు కూడా రాశానే."

"రాశారండి."

"మూలమూలకీ రాశాను." నా ముఖంలోకి చూసింది. "రాయలేదంటావా?"

అక్కడ ఆగిపోయి ఉండొచ్చు నేను. మట్టి పూయడం వరకు ఒక తప్పు. ఏమోనండి అని ఊరుకున్నా సరిపోయేది. కానీ ఆ మాటకి జవాబు నా దగ్గర ముందే సిద్ధంగా ఉంది.

"మూలల్లో తగల్లేదేమోనండి. వయసొచ్చింది కదా అత్తయ్యగారూ, కళ్ళు ఇదివరకటిలా ఆనవు కదండీ."

ఆవిడ కళ్ళజోడు తీసి చీరచెంగుతో తుడుచుకుంది. మళ్ళీ పెట్టుకుని ఆ గుంటల మీద వేలు పెట్టి తడిమింది. తనకి బాగా తెలిసిన గుంటలే. చేబ్రోలులో, తను పుట్టిన ఇంట్లో కొట్టిన మేకులవి. వాటినే ఇప్పుడు కొత్తగా, అనుమానంగా తడిమి, "అంతేనంటావా" అంది. అంతే.

వడ్రంగి వచ్చి, మెత్తబడ్డ అంచులో ఉలి గుచ్చితే ఇట్టే దిగింది. పట్టిందండీ, మార్చేయాల్సిందే అన్నాడు. పెద్ద పని దొరుకుతుంటే మిగతా తలుపుల్లో గుచ్చి చూడటానికి అతనికేం పట్టింది? మావారు సొసైటీలో లోను తీసుకున్నారు. నాకు తెల్ల మైకా వచ్చింది. స్టీలు పిడులూ వచ్చాయి. పాత తలుపులు పెరట్లో పడ్డాయి, వేణ్ణీళ్ళ పొయ్యిలోకి.

అవి పొయ్యిలోకి పోయి ఉంటే నా పాపం బూడిదై ఉండేదేమో. మా నాన్న నన్ను చూడటానికి వచ్చి, పెరట్లో వాటిని చూసి, వడ్రంగి పనిలో కాస్త చేయి తిరిగినవారు కావటంతో ఒకదాన్ని తిరగేసి వేలితో కొట్టారు. ఎవరే దీనికి చెద పట్టిందన్నది అన్నారు. మా అత్తగారు అప్పుడు గుడికి వెళ్ళి ఉంది. ఎందుకొచ్చిన గొడవ నాన్నా, కావాలంటే తీసుకెళ్ళండి అన్నాను. తీసుకెళ్ళారు; పొయ్యిలోకేననుకుంది మా అత్తగారు. బాపట్లలో మా అమ్మ వంటింటికి వాటిని రుద్ది, పాడైన అంచు కోసి ముక్క అతికి, పాలిషు కొట్టించారు. పై పండక్కి వెళ్ళి చూశాను. ఆ నలుపంతా పోయి లోపలి నుంచి తేనెరంగు చెక్క బయటపడింది. ఖర్చు ఎంతయిందని అడిగితే నాన్న నవ్వి, మీవాళ్ళు మైకాకి పెట్టిన పిడుల పాటి కాలేదన్నారు. అలా మా అత్తగారి పుట్టింటి చెక్క నా పుట్టింటికి చేరింది. మా అమ్మ ఊళ్ళో అందరికీ గొప్పగా చూపించుకునేది. నేను అక్కడ వంటింట్లోకి వెళ్ళడమే తగ్గించాను.

ఇదంతా పోనీ. చెక్కే కదా. నేను నిజంగా పాడుచేసింది వేరు.

మా అత్తగారికి బియ్యంలో రాయి కంటితో చూడక్కర్లేదు, వేళ్ళకే తెలిసేది. తలుపులు మార్చిన కొన్నాళ్ళకి చేట నా ముందు పెట్టి, ఒకసారి నువ్వు చూడమ్మాయ్ అంది. నేను చూశాను. ఒక్క రాయి లేదు. ఆ మాట చెప్పాను కూడా. మర్నాడు మళ్ళీ చేట నా ముందుకొచ్చింది. తర్వాత పప్పులో ఉప్పు. తర్వాత ఆవకాయ కారం పాళ్ళు, ఏటా వీధివీధంతా వచ్చి ఆవిడనే అడిగేవాళ్ళు, ఆ పాళ్ళు ఆవిడ నన్ను అడిగింది. తర్వాత వంటింట్లోకి రావడమే మానేసింది. గడప దగ్గర కూర్చుని, నాకేం తెలుస్తుందే, చెద పట్టినా కనిపెట్టలేకపోయినదాన్ని అనేది, నవ్వుతూనే. ఆ కళ్ళతోనే రోజూ సన్నక్షరాల పుస్తకం చదువుకునేది. ఆ సంగతి ఆవిడకి తట్టలేదు. నాకు తట్టింది. చెప్పలేదు.

ఎన్నిసార్లు చెప్పి ఉండొచ్చో లెక్కే లేదు. నోటిదాకా వచ్చేది. ఆవిడ ముఖం చూడగానే లోపలికి పోయేది. చెబితే ఇంట్లోంచి పంపేస్తారనా నా భయం? కాదు. ఆవిడ నన్ను మంచిదానిగా చూస్తోంది. కళ్ళు ఆనని అత్తని విసుక్కోకుండా సర్దుకుపోతున్న కోడలని రేపల్లె కూతురితో చెప్పుకునేది. ఆ పేరు వదులుకోవడం నా వల్ల కాలేదు.

చివరికి, ఇక్కడ నేనేం సాయం, కూతురి దగ్గర పిల్లలతో పొద్దుపోతుందని రేపల్లె వెళ్ళిపోయింది. అక్కడే మంచం పట్టింది. చూడటానికి వెళ్ళాను. మా ఆడపడుచు నీళ్ళు తేవడానికి లేచి వెళ్ళింది. మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ చెయ్యి నా చేతిలో ఉంది. వేళ్ళు నున్నగా ఉన్నాయి. ఎన్నేళ్ళ నుంచో జీడినూనె తగలని వేళ్ళు. ఇప్పుడు చెప్పు, ఇప్పుడైనా చెప్పు అనుకుంటున్నాను. ఈలోగా ఆవిడే, ప్లైవుడ్డుకి చెద తొందరగా పడుతుందట, నాలాగా కాకుండా నువ్వు జాగ్రత్తగా చూసుకో అంది. అలాగేనండీ అన్నాను. మా ఆడపడుచు నీళ్ళు తెచ్చేసింది. ఆ వారమే ఆవిడ పోయింది.

ఇప్పుడు నా వంటింట్లో మైకా అంచులు లేచిపోయాయి. సింకు కింది ప్లైవుడ్డు నాని ఉబ్బింది, తలుపు పడదు. మళ్ళీ మార్చాలని మావారు అంటున్నారు. మొన్న బాపట్ల వెళితే మా తమ్ముడు ఇల్లు బాగుచేయిస్తున్నాడు. అక్కా, ఈ తలుపులు మీ ఇంటివి కదా, పాలిషు కొట్టించమంటావా, తీసేయమంటావా అని అడిగాడు. తీయొద్దన్నాను. జీడినూనె తెప్పించమన్నాను. గుడ్డ చుట్టుకోకుండా నేనే రాశాను. వేళ్ళు పొక్కాయి, పొర ఊడుతోంది. దీంతో ఏదో తీరిపోతుందని కాదు. ఏమీ తీరదు. కలం పట్టుకుంటే మండుతోంది, అంతే. నూనె రాస్తుంటే ఆ పాత మేకుల గుంటల్లో, పాలిషు దిగని లోతున, గంజితో గట్టిపడ్డ మట్టి ఇంకా కొంచెం తగిలింది. పిన్నీసుతో తవ్వి తీశాను.

మీరు నన్ను ఏమనుకున్నా ఫర్వాలేదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. ఆ రోజు అలమర ముందు ఆవిడ నా ముఖంలోకి చూసి అడిగినదానికి జవాబు ఇన్నాళ్ళూ నా దగ్గరే ఉండిపోయింది. ఎక్కడో ఒకచోట రాస్తే తప్ప నాకు ఊపిరాడదు. అందుకే రాస్తున్నాను.

మీరు మూలమూలకీ రాశారు అత్తయ్యగారూ. మీ కళ్ళకేం కాలేదు. ఆ మట్టి నేనే పూశాను.